కంప్యూటర్ కుదిర్చిన సంబంధం

ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చే పనిని మనుషుల చేతుల్లోంచి తీసేసి కంప్యూటర్‌కి అప్పగించాలని ఈ వారం నా గట్టి ప్రతిపాదన!

నవ్వకండి. ఇన్ని వేల ఏళ్లుగా ఆ పని మన దగ్గరే ఉంది కదా, ఏం సాధించాం? పెళ్లిళ్లలో అలకలు, చావుల దగ్గర తగాదాలు, మధ్యలో ఏళ్ల తరబడి మాటల్లేకపోవడాలు! కంప్యూటర్‌కైతే ఒకరి మీద ప్రేమా లేదు, ఇంకొకరి మీద కక్షా లేదు. పైన ఒక పేరు నొక్కుతారు. ఆ పేరుకి సంబంధించినవన్నీ కింద వచ్చి చేతులు కట్టుకుని నిలబడతాయి. భార్య, బిడ్డలు, ఇల్లు, చెత్త డబ్బా, చివరికి శ్మశానంలో స్థలం కూడా. సంబంధాలంటే అలా ఉండాలి!

అనుమానముంటే మా లాన్‌గారెగ్ వచ్చి చూడండి. వేల్స్ కొండల్లో వాన కాస్త తెరిపిచ్చినప్పుడు మా ఊరు కనిపిస్తుంది. మా కౌన్సిల్ ఆఫీసులో ఒక కంప్యూటర్, ఆ కంప్యూటర్లో ఒక డేటాబేస్, ఆ డేటాబేస్‌కి ముఖం లాంటి ఒక ఫారమ్ ఉన్నాయి. వాటిని తయారుచేసిన మహానుభావుడు మడాక్. పాత గుమాస్తా. రిటైరై ఎండ కోసం స్పెయిన్ వెళ్లిపోతూ, తన తెలివంతా ఆ ఫారమ్‌లో పోసి నెరిస్ చేతిలో పెట్టాడు. నెరిస్‌కి నలభై దాటాయి. మిగతా ఊరంతా డెబ్బై దాటింది కాబట్టి ఆమె మాకింకా అమ్మాయే.

ఫారమ్ వాడకం పసిపిల్లలకి కూడా వస్తుంది. పైన ఒక గడి ఉంటుంది. దాని పక్కనున్న బాణం గుర్తు నొక్కితే ఊళ్లోవాళ్ల పేర్లన్నీ జాబితాగా కిందికి జారతాయి. కావలసిన పేరు నొక్కితే చాలు, ఆ మనిషి రికార్డు, దాని కింద సంబంధిత రికార్డులు ప్రత్యక్షం!

చిన్న విశేషం ఒకటుంది. దాన్ని లోపం అనేవాళ్లు కూడా ఉన్నారు, నేను మాత్రం అనను. ఆ ఫారమ్ మనుషుల్ని పేరుతోనే వెతుకుతుంది. ఒకే పేరుతో ఇద్దరుంటే జాబితాలో ఇద్దరూ కనిపిస్తారు. కానీ ఎవరిని నొక్కినా మొదటివాడే వస్తాడు. రెండోవాడు జాబితాలో ఉంటాడు గానీ లోకంలో ఉండడు.

మాది నాలుగైదు ఇంటిపేర్లతోనే ఊళ్లన్నీ సర్దుకునే దేశం. ఒకే పేరున్నవాళ్లని పనిని బట్టి పిలుచుకుంటాం. రొట్టెల ఫలానా, గొర్రెల ఫలానా అని. మడాక్ ఫారమ్‌లో గొర్రెలకి గడి లేదు. మారుపేర్లు ఆఫీసు మర్యాద కాదన్నాడు.

దాని వల్ల ఊరికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు! మాకు దిల్విన్ రీస్‌లు ఇద్దరు. ఒకావిడ యోగా నేర్పిస్తుంది, ఒకాయన పశువుల ఇన్సూరెన్స్ చూస్తాడు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ అదే పేరు పెట్టే తెగువ మా తల్లిదండ్రులది. ఇద్దరూ ఊరి హాలు అడిగారు. ఫారమ్ రెండు సాయంత్రాలూ యోగావిడకే రాసింది. దూడల రోగాల గురించి వినడానికి బూట్లతో వచ్చిన రైతులు చాపల మీద వెల్లకిలా పడుకుని గంటసేపు గాలి పీల్చి వదిలారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ మానకుండా వెళ్తున్నారు! మెగన్ ప్యూలు ముగ్గురిలో మొదటావిడ పేరు మీద మిగతా ఇద్దరి లైబ్రరీ పుస్తకాలు కూడా నమోదైపోయాయి. మిగతా ఇద్దరూ గడువు, జరిమానా లాంటి తిప్పలేవీ లేకుండా చదువుకుంటున్నారు. అక్షరాస్యత పెరగలేదంటారా?

అయితే ఫారమ్ చేసిన అసలు ఘనకార్యం ఇదేదీ కాదు. అది ఒక పెళ్లి చేసింది.

మా ఊళ్లో ఇద్వాల్ ప్రాబర్ట్‌లు ఇద్దరు. బస్సు నడిపినవాడు బస్సు ఇద్వాల్. కొండ మీది గనిలో రాయి చీల్చి ఇళ్లకప్పుల పలకలు తీసినవాడు పలకల ఇద్వాల్. ఇద్దరికీ ఎనభై దగ్గరపడింది. చిన్నప్పుడు ఒకే బెంచీ, పెద్దయ్యాక ఒకే పాటల బృందం. ఆ బృందంలో పియానో వాయించే అమ్మాయి పేరు ఎలినెడ్.

ఒకసారి పాటల పోటీకి బృందమంతా బస్సులో బయల్దేరింది. గనిలో ఆలస్యమై పలకల ఇద్వాల్ వానలో పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. బస్సు ఇద్వాల్ అద్దంలో చూశాడు. చూసి, బస్సు కదిలించాడు. టైమ్ అయిందన్నాడు. ముందు సీట్లో ఎలినెడ్ కూర్చుని ఉంది. మరుసటి ఏడాది ఆమెకీ బస్సు ఇద్వాల్‌కీ పెళ్లయింది. పలకల ఇద్వాల్ ఎవర్నీ చేసుకోలేదు. ఆ వాన రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకడు ఎదురొస్తే ఇంకొకడికి అర్జెంటుగా మేఘాల్లో ఏదో కనిపించేది.

మూడేళ్ల కిందట ఎలినెడ్ పోయింది. ఆమె పక్క స్థలం బస్సు ఇద్వాల్ తన కోసం అట్టేపెట్టుకున్నాడు. ఈ వసంతంలో, సమాధి రాతి మీద ఆమె పేరు కింద తన పేరు కూడా చెక్కించేసి, తారీఖు మాత్రం ఖాళీగా వదిలేద్దామనుకున్నాడు. తర్వాత ఎవరిని ఇబ్బంది పెట్టడం? శ్మశానం కౌన్సిల్‌ది కాబట్టి అనుమతి కావాలి. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఆదివారం కోటు వేసుకుని ఆఫీసుకి వెళ్లాడు.

నెరిస్ పేరు నొక్కింది. స్క్రీన్ చూసింది. మళ్లీ నొక్కింది.

"బాబాయ్, కుదరదేమో."

"ఏం, అక్షరానికింత అని గానీ పెట్టారా?"

"అది కాదు. పిన్ని పక్క స్థలం మీది కాదు. ఇద్వాల్ ప్రాబర్ట్‌ది."

"నేనే కదే ఇద్వాల్ ప్రాబర్ట్‌ని!"

"మీరు కాదు బాబాయ్. ఆయన. పైవీధి ఆయన." గొంతు తగ్గించింది. "పిన్ని కూడా... ఆయన భార్య అనే ఉందిక్కడ."

బస్సు ఇద్వాల్ కోటు బొత్తాం విప్పుకున్నాడు.

"నెరిస్, ఎలినెడ్ అంత్యక్రియలకి నువ్వు వచ్చావు గుర్తుందా? టీ పోసింది నువ్వే. నా కప్పులో నేనడక్కుండానే రెండు చెంచాలు పంచదార వేశావు."

"గుర్తుంది బాబాయ్. మీరెవరో నాకు తెలీదా? కానీ ఇక్కడ అలా చూపిస్తోంది మరి."

పాఠకులారా, ఈ వాక్యాన్ని రాగి రేకు మీద చెక్కించి ప్రతి ఆఫీసు గుమ్మానికీ కట్టాలి. ఇక్కడ అలా చూపిస్తోంది మరి! ఎంత వినయం! తనకి తెలిసినదంతా పక్కన పెట్టేసి తెరకి తలవంచడం ఎంతమందికి చేతనవుతుంది?

జరిగిందేమిటంటే, ఎలినెడ్ పోయినప్పుడు వివరాలు ఎక్కించింది నెరిసే. భర్త పేరు దగ్గర జాబితాలో రెండో ఇద్వాల్‌నే నొక్కింది. వచ్చినవాడు మొదటివాడు, అంటే పలకల ఇద్వాల్. పేరు అదే కాబట్టి ఆమె కిందికి చూడలేదు. స్థలం కూడా ఆ లెక్కలోనే పోయింది. జీవితమంతా ఒంటరిగా ఉన్న మనిషికి ఒక్క క్లిక్కుతో భార్య, ఆమె పక్కన శాశ్వత నివాసం! ఏ పెళ్లిళ్ల పేరయ్య చేయగలడండీ?

"మరి నేనెక్కడున్నానే?" అన్నాడు బస్సు ఇద్వాల్.

నెరిస్ పైగడి వదిలేసి, కింద ఉన్న బాణం పట్టుకుని రికార్డుల్ని ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయింది. చివరికి దొరికాడు. ఇద్వాల్ ప్రాబర్ట్, డ్రైవర్. పేరు, పుట్టిన తారీఖు, కింద పొడుగాటి తెల్లటి ఖాళీ. దాని మధ్యలో ఒక్క వరుస.

సంబంధిత రికార్డులు లేవు.

ఆయన దాన్ని పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదువుకున్నాడు. యాభై ఏళ్ల కాపురం చేసిన మనిషి.

"దీన్ని సరిచేయాలంటే?"

"ఆ స్థలం నాకక్కర్లేదని ఆయన వచ్చి సంతకం పెట్టాలి బాబాయ్."

"ఎవరు?"

"ఆయనే."

బస్సు ఇద్వాల్ ఆ రోజు ఇంటికెళ్లలేదు. పైవీధికి నడిచాడు. సగం దారిలో ఆగి, వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని నిలబడి, మళ్లీ ఎక్కాడు. ఏమని పలకరించాలి? ఒరేయ్ అంటే చనువు, ఏమండీ అంటే వెటకారం. తలుపు తెరుచుకునేసరికి వెటకారమే నోటికొచ్చింది.

"ప్రాబర్ట్ గారూ, కాస్త పనుండి వచ్చాను."

పలకల ఇద్వాల్ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఆలస్యమైందండీ. నా తలుపు టైమ్ ప్రకారం మూసేస్తాను."

"యాభై ఏళ్లుగా ఆ మాట దాచుకున్నావుట్రా?"

"ఇంకా చాలా ఉన్నాయి. లోపలికి రా, తడుస్తున్నావు."

టీ వచ్చింది. ఎండుద్రాక్ష రొట్టె ముక్కలు వచ్చాయి, వాటి మీద వెన్న వేలు మందాన ఉంది. బస్సు ఇద్వాల్ సంగతంతా చెప్పాడు. ఎదుటివాడు పకపకా నవ్వుతాడనో, మీద పడి కొడతాడనో అనుకున్నాడు. పలకల ఇద్వాల్ రెండూ చేయలేదు. చెంచాతో టీ తిప్పుతూనే ఉన్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"పోయినేడు గాలివానకి ఆమె రాయి ఒరిగింది, చూశావా?"

"విన్నాను. వారం తిరక్కుండా కౌన్సిల్ వాళ్లొచ్చి నిలబెట్టారు. నేను పబ్బులో అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా."

"కౌన్సిలా? ఈ ఊళ్లో కౌన్సిల్ ఏనాడైనా ఏదైనా నిలబెట్టిందిరా, వెర్రివాడా? నేను నిలబెట్టాను. కింద తవ్వి, పలక ముక్కలు పేర్చి, మట్టం చూసి మరీ."

బస్సు ఇద్వాల్ కప్పు కింద పెట్టేశాడు. "నిన్నెవరు అడిగారు?"

"నెరిస్ ఫోన్ చేసింది. మీ ఆవిడ సమాధి రాయి ఒరిగింది, కుటుంబసభ్యులుగా మీరే చూసుకోవాలి అంది. ఎవరితో మాట్లాడుతోందో కూడా చూసుకోలేదు, గడగడా చదివేసింది."

"కాదని చెప్పొచ్చుగా! తప్పు నంబరు అనొచ్చుగా!"

"అనొచ్చు." పలకల ఇద్వాల్ కిటికీలోంచి బయటికి చూశాడు. "పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరో నన్ను ఎలినెడ్ మొగుడన్నారు. కాదనడానికి నోరు రాలేదురా."

బస్సు ఇద్వాల్‌కి ముందు కోపం వచ్చింది. అది నిలవలేదు. ఆ గాలివాన తర్వాత తను మోకాళ్ల నొప్పితో శ్మశానమున్న కొండ ఎక్కలేక మంచం మీద పడుకుని కిటికీలోంచి అటువైపు చూస్తూ గడిపిన రోజులు గుర్తొచ్చాయి. అన్నాళ్లూ ఆ మట్టిలో మోకాళ్లూని కూర్చున్నది వీడన్నమాట. వాడి మోకాళ్లు మాత్రం కొత్తవా?

"మట్టం సరిగ్గానే ఉందిలే," అన్నాడు చివరికి.

"ఉండక! పని నేర్చినవాణ్ణి. రేపు వచ్చి సంతకం పెడతాను. ఆ రొట్టె తిను."

మర్నాడు ఇద్దరూ పక్కపక్కనే నడుచుకుంటూ ఆఫీసుకి వస్తుంటే కసాయి కొట్టు ముందు నిలబడ్డవాళ్లు మాటలాపేశారు. ఇదంతా ఎవరి చలవ? ఊరి పాస్టర్ వల్ల కాలేదు, బృందం పెద్దల వల్ల కాలేదు. ఫారమ్ వల్ల అయింది!

నెరిస్ మొదటి ఇద్వాల్ రికార్డు తెరిచింది. భార్య వరుస మీద నొక్కి, తొలగించమంది. వెంటనే ఇంకో జాబితా జారింది. సంబంధం ముగియడానికి కారణం?

"రెండే ఉన్నాయి బాబాయ్. భర్త మరణం, విడాకులు."

"నేనింకా పోలేదే," అన్నాడు పలకల ఇద్వాల్.

"అయితే విడాకులే."

"పెళ్లే చేసుకోనివాణ్ణి విడాకులెలా ఇస్తానమ్మాయ్?"

"ఇచ్చెయ్‌రా," అన్నాడు బస్సు ఇద్వాల్. "నేనేమీ అనుకోను."

"నువ్వెందుకనుకుంటావు! ఆమె ఏమనుకుంటుందో?"

ఇచ్చేశాడు. అలా మా ఊళ్లో ఒక పెళ్లికాని ముసలాయన, చనిపోయిన పరాయి ఇల్లాలికి, ఆమె భర్త సమక్షంలో, అతని అంగీకారంతో విడాకులిచ్చాడు. ఏ కోర్టైనా ఇంత శాంతంగా నడుస్తుందా?

ఇక ఎలినెడ్ రికార్డులో అసలు భర్తని ఎక్కించాలి. నెరిస్ జాబితాలో రెండో ఇద్వాల్‌ని జాగ్రత్తగా, ఊపిరి బిగపట్టి నొక్కింది. పైకి మొదటివాడే వచ్చాడు. పలకల ఇద్వాల్‌కి నిమిషం తిరక్కుండా మళ్లీ పెళ్లయింది!

"నీ అదృష్టం ఇంతుందని తెలిస్తే ఆ రోజు బస్సు ఆపేవాణ్ణి," అన్నాడు బస్సు ఇద్వాల్.

"ఆపితే ఏమయ్యేదో తెలుసు కాబట్టే ఆపలేదు నువ్వు."

నెరిస్ ఏడుపు ముఖం పెట్టింది. మళ్లీ విడాకులు, మళ్లీ పెళ్లి. మూడోసారికి పలకల ఇద్వాల్ బల్ల మీద చెయ్యి వేశాడు.

"ఆగమ్మాయ్. ఇది పేరుతోనే వెతుకుతోంది కదా? వాడి పేరు మార్చు. ప్రాబర్ట్ పక్కన బస్సు అని తగిలించు. ఊరంతా పిలిచేది అదేగా."

"పుట్టిన కాగితంలో ఉన్నట్టే ఉండాలన్నాడు మడాక్."

"మడాక్ స్పెయిన్‌లో ఉన్నాడు. ఇప్పుడు వాడికి కావలసింది చిన్న కాగితం గొడుగు గుచ్చిన చల్లటి డ్రింకు. నువ్వు కొట్టు."

నెరిస్ అటూ ఇటూ చూసి కొట్టింది. జాబితా దించింది. ఈసారి అందులో ఇద్వాల్ ప్రాబర్ట్ బస్సు అని ఒక కొత్త మనిషి పుట్టాడు. నొక్కగానే వచ్చాడు! భార్య ఎలినెడ్ వచ్చింది. ఆమె పక్క స్థలం వచ్చింది. రాతి మీద పేరు చెక్కించుకోవడానికి అనుమతి కూడా ముద్రపడి బయటికొచ్చింది. బస్సు ఇద్వాల్ దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకున్నాడు.

అంతటితో లేచి వెళ్లిపోతే అయిపోయేది. కానీ నెరిస్ అంతా సరిగ్గా ఉందో లేదో చూద్దామని మొదటి ఇద్వాల్‌ని కూడా ఒకసారి తెరిచింది. ఇద్వాల్ ప్రాబర్ట్, గని కార్మికుడు. కింద తెల్లటి ఖాళీ. నిన్న బస్సు ఇద్వాల్‌ని చూసి నవ్విన 'సంబంధిత రికార్డులు లేవు' అన్న వరుసే ఇవాళ పలకల ఇద్వాల్ పేరు కింద నిలబడి ఉంది.

పలకల ఇద్వాల్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "సరే మరి, నా పని అయిపోయిందిగా," అని లేచాడు.

"కూర్చోరా," అన్నాడు బస్సు ఇద్వాల్. తర్వాత నెరిస్ వైపు తిరిగి, "ఎలినెడ్‌కి అటు పక్క, గోడ వైపు, ఆ స్థలం ఎవరిదే?" అన్నాడు.

"ఎవరిదీ కాదు బాబాయ్. నీళ్లు దిగుతాయని ఎవరూ తీసుకోలేదు."

"వీడి పేరు మీద రాయి. నీళ్ల సంగతి వీడు చూసుకుంటాడు. రాయి పరచడం వచ్చు."

"నీ పక్కనా?" అన్నాడు పలకల ఇద్వాల్.

"నా పక్కనెందుకు? మధ్యలో ఆమె ఉంటుంది. మనిద్దరి మధ్యా ఎప్పుడూ ఉన్నట్టే. నీ పాట నాకు వినపడకుండా ఆమె చూసుకుంటుంది."

నెరిస్ స్థలం ఎక్కించింది. ఫారమ్ ఊరుకుంటుందా? నింపి తీరాల్సిందే అన్న ఎర్రటి చుక్కతో ఒక గడి ముందుకొచ్చింది. పక్కనున్నవారితో సంబంధం? జాబితాలో భర్త, కొడుకు, తండ్రి, సోదరుడు. అట్టడుగున 'ఇతరం, వివరించండి'.

నెరిస్ దాన్ని నొక్కింది. ఖాళీ గడిలో గీత టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. అప్పుడామె మౌస్ వదిలేసింది. కుర్చీ ఇటు తిప్పింది. పలకల ఇద్వాల్ ముఖంలోకి, నాకు తెలిసి మొదటిసారిగా, నేరుగా చూసింది.

"బాబాయ్, అసలు ఎలినెడ్ పిన్ని మీకేమవుతుంది?"

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బయట వాన మళ్లీ మొదలైంది.

"ఏమో తల్లీ," అన్నాడు. "ఆమెని నేనెప్పుడూ అడగలేదు."

బస్సు ఇద్వాల్ నెరిస్ వైపు వంగాడు. "'తోటి గాయకుడు' అని కొట్టమ్మా. అబద్ధమేం కాదుగా."

"నిజమూ మొత్తం కాదు," అన్నాడు పలకల ఇద్వాల్.

"ఆ గడిలో మొత్తం పడుతుందా ఏం?"

నెరిస్ కొట్టింది. ఎర్ర చుక్క పోయింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఆ ఫారమ్‌ని తప్పుపడితే నేనొప్పుకోను. ఒక వానరోజు అద్దంలో చూసినవాడు ఏమీ అడగలేదు. వెనక పరిగెత్తినవాడూ అడగలేదు. ముందు సీట్లో కూర్చున్నామెని ఎవరూ అడగలేదు. అంత్యక్రియల్లో టీ పోసిన పిల్ల అడగలేదు, ఆ కథంతా తెలిసిన ఊరూ అడగలేదు, ఊరి గురించి వారం వారం రాసే నేనూ అడగలేదు. ఆ దిక్కుమాలిన ఫారమ్ ఒక్కటే అడిగింది. దానికి పేర్లు తప్ప మనుషులు తెలియరు, నిజమే. కానీ ఆ గడి ఖాళీగా ఉంటే అది ముందుకు కదలనివ్వదు.

మనమైతే ఎన్నేళ్లయినా పోనిస్తాం!